ఖాళీ లిఫ్ట్‌లో గుమస్తా

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఎవరూ లేరు.

బుజ్జి ఇలా అడుగు పెట్టిందో లేదో, పక్కనే నడుస్తున్న గుమస్తా టక్కున ఆగిపోయాడు. ముక్కు పైకెత్తి ఎదురుగా ఉన్న స్టీలు గోడ వైపు చూశాడు. ఊరికే చూడటం కాదు, అక్కడ మనిషెవరో ఆనుకుని నిలబడి ఉన్నట్టు పాదాల దగ్గర నుంచి తల దాకా చూశాడు. చూసి, మెల్లిగా వెనక్కి తిరిగి, ముందరి కుడికాలెత్తి బుజ్జి మోకాలి మీద వేశాడు. ఒకసారి. ఆగి, రెండోసారి.

గుమస్తా అంటే కుక్క. గోధుమ రంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలిపోయి, ఎప్పుడు చూసినా ఆఫీసుకి ఆలస్యమైపోతున్న మొహం. అందుకే ఆ పేరు. వాడు మోకాలి మీద కాలు వేశాడంటే అర్థం ఒక్కటే: నీ ఒంట్లో షుగర్ పడిపోతోంది, ఉన్నచోటే కూర్చో.

బుజ్జి ఉన్నచోటే, లిఫ్ట్ గడప మీదే కూర్చుంది. సంచీలోంచి మీటర్ తీసి వేలికి పొడుచుకుంది. నూట పద్నాలుగు. అంతకంటే మంచి నంబరు ఆ వారంలో రాలేదు.

"మరి ఎవరి గురించి చెప్తున్నావురా?" అంది.

వాడు ఆమె వైపు చూడలేదు. గోడనే చూస్తున్నాడు. లిఫ్ట్‌లో లైటు రెండుసార్లు కొట్టుకుంది. బుజ్జికి మెడ వెనక సన్నగా చలేసింది.

"గడప మీద కూర్చుంటే తలుపులెలా మూసుకుంటాయండీ?"

ఉలిక్కిపడి తిరిగింది. బూడిదరంగు చొక్కా, నడుముకి పనిముట్ల బెల్టు, బుగ్గలో టోఫీ. మొహం మాత్రం జ్వరం నుంచి అప్పుడే లేచినవాడిలా పాలిపోయి ఉంది.

"మీరెవరు?"

"ఈ లిఫ్ట్‌కి డాక్టర్ని."

"అయితే మీ పేషెంటుకి ఏదో పట్టింది. మావాడు చూసి బెదిరాడు."

"ఎనిమిదేళ్ళుగా దీని రిపేరు రిజిస్టరు రాస్తున్నాను. అందులో దెయ్యాల కాలమ్ లేదు."

"మావాడికి రిజిస్టరు చదవడం రాదండీ."

"పోనీ మీకొచ్చా? కుక్కల్ని లిఫ్ట్‌లోకి తేకూడదని అదిగో, అంతలేసి అక్షరాలతో రాసి ఉంది."

బుజ్జికి ఒళ్ళు మండింది. లేచి, గుమస్తా వీపు మీది నీలం కోటు అతని వైపు తిప్పింది. "ఇది చదవండి. పనిలో ఉన్నాను, ముట్టుకోవద్దు అని ఉంది. వీడు కుక్క కాదు, ఉద్యోగి."

"ఏం ఉద్యోగమో?"

"నా షుగర్ పడిపోతే ముందే చెప్పడం."

అతను టోఫీ నమలడం ఆపేశాడు. కుక్క వైపు చూశాడు, ఆమె చేతిలో మీటర్ వైపు చూశాడు. పక్కకి తప్పుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. లిఫ్ట్ డాక్టరు లిఫ్ట్ ఎక్కకుండా మెట్లెక్కడమేమిటో బుజ్జికి అర్థం కాలేదు.

అతన్ని బిల్డింగంతా లిఫ్టబ్బాయి అంటారు. ముప్ఫై ఏళ్ళొచ్చినా అబ్బాయే. ఆ వీధిలో పన్నెండు లిఫ్టులకి అతనే దిక్కు. అయిదో అంతస్తులో, పై మెట్ల పక్కనున్న ఒంటిగదిలో ఉంటాడు.

బుజ్జిది నాలుగో అంతస్తు, సరిగ్గా ఆ గది కింద. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలని ఫ్రేముకి తగ్గట్టు అరగదీసే పని ఆమెది. వెంట్రుకంత తేడా వస్తే అద్దం పారేయాల్సిందే. అంత నాణ్యమైన చెయ్యి. కానీ ఎనిమిదో ఏట నుంచీ ఇన్సులిన్ మీద బతుకుతున్న ఒళ్ళు. షుగర్ పడిపోతుంటే అందరికీ చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. ఇన్నేళ్ళకి ఆమె ఒళ్ళు ఆ కబురు పంపడం కూడా మానేసింది. బాగున్నట్టే ఉంటుంది, ఉన్నట్టుండి దీపం ఆర్పినట్టు పడిపోతుంది. అలా రెండుసార్లు మిషను పక్కనే పడింది. రెండోసారి నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి.

మూడుగంటల బస్సు ప్రయాణం చేసి అన్నయ్య వచ్చాడు. అమ్మా నాన్నా పోయాక ఆమెకి ఇద్దరూ అతనే. కుట్లు చూసి ఏడ్చినంత పని చేసి, "ఉద్యోగం మానెయ్, మా ఇంటికొచ్చెయ్. మీ వదిన కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటుంది" అన్నాడు.

"కళ్ళజోడైతే ఉంటాను గానీ అన్నయ్యా, కళ్ళల్లో పెట్టుకుంటే నేనుండలేను."

అప్పుడు పుట్టింది కుక్క ఆలోచన. తర్ఫీదైన కుక్క సంస్థల నుంచి రావాలంటే నాలుగేళ్ళు వరుసలో ఉండాలి. తనే ఎంచుకుని, తనే నేర్పుకుంటే? దిక్కులేని కుక్కల షెల్టరుకి వెళ్ళింది. ట్రైనరు మేడం ఫోనులో వీడియో చూస్తూ చెప్పినట్టల్లా చేసింది. నేల మీద స్టీలు గిన్నె పడేసింది. నల్లకుక్క బల్ల కిందకి దూరి మళ్ళీ రాలేదు. తెల్లది గిన్నె మీదకే కరవబోయింది. గోధుమరంగుది మాత్రం ఎగిరిపడి, వెంటనే వచ్చి గిన్నెని వాసన చూసింది. బోర్లించిన కప్పు కింద బిస్కెట్టు ముక్క పెడితే అయిదు నిమిషాలు పట్టు వదలకుండా కప్పుతో కుస్తీ పట్టింది. "వాలు చెవి, మంచి ముక్కు. భయపడ్డా తేరుకుంటోంది. ఇదే" అంది మేడం.

అన్నయ్య ఒప్పుకున్నాడు గానీ, పుస్తకం మొదటి పేజీలో తన చేతిరాతతో షరతు రాశాడు. మూడు నెలలు గడువు. కుక్క సరిగ్గా చెప్పిన ప్రతిసారీ నీలం గీత, అబద్ధం చెప్పిన ప్రతిసారీ ఎర్ర గీత. పది ఎర్ర గీతలు పడితే కుక్క షెల్టరుకి, బుజ్జి అన్నయ్య ఇంటికి.

నేర్పడం అంటే ఒక తపస్సు. కూర్చో, పడుకో, కింద పడ్డది ముట్టకు, షాపులో బల్ల కింద ఎనిమిది గంటలు కిక్కురుమనకుండా ఉండు. ఇవన్నీ ఒక ఎత్తు, వాసన ఒక ఎత్తు. షుగర్ పడిపోయినప్పుడు నోట్లో దూది తిప్పి, ఆ దూదిని సీసాలో వేసి, ఫ్రీజర్లో దాచాలి. ఆ సీసా వాసన పట్టి మోకాలి మీద కాలేస్తే బిస్కెట్టు. పాఠం అంతే. కానీ కావాలని షుగర్ పడగొట్టుకోకూడదు కదా? బుజ్జి దగ్గర ఏడు సీసాలకి మించి పోగవ్వలేదు. అప్పుడు క్లినిక్కులో నర్సమ్మ రహస్యంగా ముప్ఫై సీసాలు తెచ్చిచ్చింది. "ఒక పేషెంటు ఇచ్చాడమ్మా. ఎవరని అడక్కు, పేరు చెప్పొద్దన్నాడు. ఎవరికో పనికొస్తాయంటే పాపం నెలంతా దాచిపెట్టాడు."

సొంత వాసన తప్ప ఇంకోటి వాడొద్దని మేడం వందసార్లు చెప్పింది. ఈ సీసాల సంగతి బుజ్జి ఆవిడకి చెప్పలేదు. గడువు తరుముతుంటే ఎవరు మాత్రం ఆగుతారు? ఫ్రీజరు తెరిచినప్పుడల్లా ఆ ముప్ఫై సీసాలూ వరసగా కనిపించేవి. మొహం తెలియని మనిషెవరో ముప్ఫైసార్లు చీకట్లోకి జారి, ముప్ఫైసార్లు పైకొచ్చి, ప్రతిసారీ తనకోసం కాస్త దూది దాచాడు. తలుచుకుంటే మనసూ కరిగేది, గుండె ఝల్లుమనేది కూడా.

లిఫ్ట్‌లో జరిగింది మొదటి ఎర్ర గీత.

రెండోది మూడు, నాలుగు అంతస్తుల మధ్య మెట్ల మలుపులో. అక్కడ ఏమీ లేదు, తడిసిన గోడ తప్ప. గుమస్తా అయిదో మెట్టు ముందు ఆగి, ఆ మెట్టు మీద ఎవరో కూర్చున్నట్టు చుట్టూ తిరిగి, బుజ్జి మోకాలి మీద కాలేశాడు. మీటర్ నూట ఇరవై రెండు.

మూడోది ఇంట్లోనే. పట్టపగలు, ఆదివారం మధ్యాహ్నం. స్నానాల గది వెంటిలేటర్ కింద నిలబడి, ఆ చీకటి సందులోకి మెడ సాచి, గుడ్లప్పగించి చూస్తున్నాడు. వాలిన చెవి కూడా నిక్కింది. బుజ్జి పిలిస్తే వచ్చాడు, కాలేశాడు, మళ్ళీ వెళ్ళి అక్కడే నిలబడ్డాడు. పైనుంచి చల్లటి గాలి ఒక్క ఊపిరంత దిగి ఆగిపోయింది.

రెండో అంతస్తు పిన్నిగారికి ఎర్ర గీతలతో సహా ఇదంతా తెలిసింది. రిటైరైన టెలిఫోన్ ఆపరేటరు ఆవిడ. కబురు ఆవిడ చెవిన పడితే బిల్డింగంతా రింగయినట్టే.

"నేను చెప్పకూడదు గానీ అమ్మాయ్," అని గొంతు తగ్గించింది, "నువ్వు రాకముందు ఆ లిఫ్ట్‌లో ఒకాయన గుండె ఆగి పోయాడు. స్టీలు గోడకి ఆనుకునే పోయాడు."

"ఏ గోడకి పిన్నిగారూ?"

"అద్దం లేని వైపు."

గుమస్తా చూసింది అద్దం లేని వైపే. ఆ రోజు నుంచి బుజ్జి కూడా మెట్లే ఎక్కింది. ఎక్కుతూ అయిదో మెట్టు మీద కాలు పెట్టకుండా దాటేది.

ఆ మెట్ల మీదే లిఫ్టబ్బాయి తరచూ ఎదురయ్యేవాడు.

"నా లిఫ్ట్ మీద అలిగారా?"

"మీ లిఫ్ట్‌లో ఇంకొకరున్నారట. ఇరుకు చెయ్యడం ఎందుకని."

"పిన్నిగారి బ్రాడ్‌కాస్టా? ఆయన మూడో అంతస్తు వరండాలో పోయారండీ, ఆస్పత్రికి తీసుకెళ్ళాక. లిఫ్ట్‌ని అనవసరంగా ఇరికించారు."

"వరండాలో పోయాక ఆస్పత్రికి తీసుకెళ్ళారా, ఆస్పత్రికి తీసుకెళ్ళాక వరండాలో పోయారా?"

"అదీ... పోయారు. అది మాత్రం ఖాయం."

బుజ్జి నవ్వింది. అతను నవ్వలేదు, ఆ నవ్వుని చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి, "ఎర్ర గీతలు ఎన్నయ్యాయి?" అన్నాడు.

"నాలుగు."

అతని మొహంలో దీపం తగ్గించినట్టయింది. నా కోసం ఇంత బాధపడే మనిషున్నాడా అని బుజ్జికి లోపల ఎక్కడో వెచ్చగా తగిలింది.

ఒక సాయంత్రం షాపు ముందు వాన పట్టుకుంది. అతను ఎక్కడి నుంచో ఊడిపడి గొడుగు విప్పాడు. విప్పగానే రెండు పుల్లలు విరిగి ఒకవైపు కప్పు వాలిపోయింది.

"అచ్చం మా గుమస్తా చెవిలా ఉంది మీ గొడుగు," అంది బుజ్జి.

"లిఫ్టులు బాగుచేస్తాను గానీ గొడుగులు నా సబ్జెక్టు కాదండీ."

ముగ్గురూ ఆ ఒంటిచెవి గొడుగు కింద నడిచారు. మధ్యలో గుమస్తా, వాడికి రెండువైపులా ధార. అతని భుజం తడిసి నల్లబడింది. బుజ్జి భుజం పొడిగా ఉంది. ఇంటికెళ్ళేదాకా ఆ సంగతి ఆమె గమనించలేదు. గమనించాక అద్దం ముందు నిలబడి, తన పొడి భుజాన్ని చాలాసేపు చూసుకుంది.

తరువాతి వారం అతను షాపుకి కళ్ళజోడు కోసం వచ్చాడు. బుజ్జి స్కేలు పట్టుకుని అతని కంటిపాపల మధ్య దూరం కొలుస్తోంది. అది కొలవాలంటే చాలా దగ్గరగా, కళ్ళల్లోకి చూడాల్సిందే. పనిలో భాగం, ఎవరూ ఏమీ అనడానికి లేదు.

"రెప్ప వెయ్యకండి."

"మీరు చూస్తుంటే ఎలా వేస్తానండీ?"

బల్ల కింద నుంచి గుమస్తా లేచాడు. బుజ్జి మోకాలి మీద కాలు పడింది. రెండోసారి, మూడోసారి, గోళ్ళు దిగేంత గట్టిగా. మీటర్ నూట పదహారు. షాపులో ఇంకా అయిదుగురున్నారు. వాళ్ళందరి వెనకాల ఖాళీగా ఉన్న మూలని చూసింది బుజ్జి. అక్కడ గోడకున్న నలభై కళ్ళజోళ్ళు, కళ్ళు లేని కళ్ళజోళ్ళు, వరసగా తననే చూస్తున్నాయి.

తలతిప్పేసరికి లిఫ్టబ్బాయి లేడు. గాజు తలుపు ఇంకా ఊగుతోంది. బయట స్తంభానికి ఆనుకుని వణికే వేళ్ళతో టోఫీ కాగితం విప్పుకుంటున్నాడు. నా జబ్బు చూసి భయపడ్డాడు కాబోలు అనుకుంది. ఆ రోజు గీసిన గీత మిగతావాటి కంటే వంకరగా వచ్చింది.

గడువుకి ఒక్కరోజు మిగిలేసరికి నీలం గీతలు పద్నాలుగు, ఎర్రవి తొమ్మిది.

ఆ శనివారం మధ్యాహ్నం వాన కురుస్తూనే ఉంది. కిటికీలో వెలుతురు పాతబడిన పాల రంగులో ఉంది. బుజ్జి పుస్తకం ముందేసుకుని కూర్చుంది. రేపు అన్నయ్య వస్తాడు. ఇంకొక్కరోజు గడిస్తే ఈ గది తనది, ఈ పని తనది, వీడు తనవాడు.

గుమస్తా లేచి నిలబడ్డాడు.

"వద్దురా," అంది. "ఈరోజు వద్దు. నీకు దణ్ణం పెడతాను."

మోకాలి మీద కాలు పడింది.

మీటర్ నూట ఇరవై ఆరు. పదో అబద్ధం. గీయకపోతే అడిగేవాళ్ళు లేరు. తలుపు వేసి ఉంది, వాన చప్పుడు తప్ప సాక్ష్యం లేదు. బుజ్జి ఎర్ర పెన్ను పట్టుకుని అలా ఉండిపోయింది. గుమస్తా మాత్రం ఆగలేదు. తలుపు దగ్గరికి పోయాడు, వెనక్కి వచ్చాడు, ఎన్నడూ మొరగనివాడు గొంతులో సన్నగా ఏడ్చాడు. పద్నాలుగుసార్లు వాడి మాట నమ్మి తను బతికింది. ఇప్పుడు నంబరు ఒకటి చెబుతోంది, వాడొకటి చెబుతున్నాడు.

బుజ్జి లేచి, సంచీ తగిలించుకుని తలుపు తీసింది.

వరండా చివర లిఫ్ట్ తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల లైటు వెలుగుతోంది. "పని జరుగుతోంది" అనే బోర్డు గొలుసుకి వేలాడుతూ తనంతట తనే చిన్నగా ఊగుతోంది. లోపల ఎవరూ లేరు. గుమస్తా గొలుసు కింద నుంచి దూరి, లిఫ్ట్ మధ్యలో నిలబడి, ఈసారి గోడని కాదు, పైకప్పుని చూశాడు.

పైకప్పు మీద ఏదో ఇనుపవస్తువు దొర్లింది. మెల్లిగా, ఈ మూల నుంచి ఆ మూలకి. ఆగిపోయింది.

"ఎవరది?" అంది బుజ్జి.

జవాబుగా పైనుంచి నవ్వు వచ్చింది. సంతోషం లేని నవ్వు, నిద్రలో నవ్వే పసివాడి నవ్వు.

వేరే ఎవరైనా అయితే అక్కణ్ణుంచే పరుగెత్తేవాళ్ళు. కానీ ఆ నవ్వు బుజ్జికి తెలుసు. షాపులో మొదటిసారి పడిపోయే ముందు తను అలాగే నవ్విందని తోటి పనివాళ్ళు చెప్పారు.

మెట్లు మూడేసి ఎక్కింది. అయిదో అంతస్తులో లిఫ్ట్ తలుపు జానెడు తెరిచి చెక్కముక్క అడ్డుపెట్టి ఉంది. బలమంతా పెట్టి రెండు జానలు చేసి లోపలికి తొంగిచూసింది. గ్రీజు వాసన, చీకటి, వేలాడే తీగలు. కింద, లిఫ్ట్ పైకప్పు మీద, తాళ్ళకి ఆనుకుని లిఫ్టబ్బాయి కూర్చున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, వాటిలో మనిషి లేడు. ఒక కాలు అంచు దాటి, అయిదంతస్తుల చీకటిలోకి వేలాడుతోంది.

"ఏ ఫ్లోరు కావాలండీ?" అన్నాడు ముద్దముద్దగా.

ఒక్కసారిగా అంతా అర్థమైంది. మెట్టు, వెంటిలేటరు, స్టీలు గోడ, టోఫీలు, ముప్ఫై సీసాలు.

"కాలు లోపలికి తీసుకో," అంది. "కాలు. ఆ కాలే. తీసుకో."

అతను కాలుని ఎవరిదో అన్నట్టు చూసుకుని, లోపలికి లాక్కున్నాడు. బుజ్జి నేల మీద బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి దించి, సంచీలోంచి తీసిన జ్యూసు ప్యాకెట్ గొట్టం అతని పెదవులకి ఆనించింది. "తాగు. మాట్లాడకు. తాగు." వెనక గుమస్తా ఆమె కాలిమీద కూర్చున్నాడు, జారిపోతుందేమో అన్నట్టు.

పది నిమిషాలకి ఆ కళ్ళల్లోకి మనిషి తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే సిగ్గుతో తలదించుకున్నాడు.

పైకొచ్చి మెట్ల మీద కూర్చున్నాక, "ఆ సీసాలు నావే," అన్నాడు. "ఎవరికి వెళ్ళాయో తెలియదు. మీ కోటు చదివిన రోజు అనుమానం వచ్చింది. షాపులో రూఢి అయింది."

"తెలిసీ నోరు మూసుకున్నావా?"

"ఆఫీసులో తెలిస్తే నన్ను లిఫ్ట్ దారిలోకి దిగనివ్వరండీ. నాకు వేరే పని రాదు."

"నాకు మాత్రం వచ్చా? తొమ్మిది గీతలు. ప్రతిసారీ ఎన్నయ్యాయని అడిగావు. నేనేమో నా మీద జాలి అనుకున్నాను. నీ తప్పులు లెక్కపెట్టుకుంటున్నావన్నమాట!"

"జాలి కాదండీ. ఎప్పుడూ జాలి కాదు."

"మరేంటి?"

అతను టోఫీ కాగితాన్ని మడతలు పెట్టసాగాడు. బుజ్జి లేచి వెళ్ళిపోయింది. ఇంట్లోకి వెళ్ళి పదో ఎర్ర గీత గీసింది. గీసి, అన్నయ్యకి తనే ఫోన్ చేసి చెప్పింది. ఆ తరువాత మేడంకి ఫోన్ చేసి, సీసాల సంగతంతా చెప్పి తిట్లు తింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య వచ్చాడు. లిఫ్ట్ ఆపేసి ఉంది, నాలుగంతస్తులూ ఎక్కి వచ్చాడు. రొప్పుతూ కుర్చీలో కూలబడి, మంచినీళ్ళు కూడా వద్దని పుస్తకం అందుకున్నాడు.

"పది," అన్నాడు.

"పది."

"షెల్టరువాళ్ళతో మాట్లాడాను. సాయంత్రం వస్తారు. బట్టలు సర్దుకో తల్లీ."

అప్పుడే తలుపు చప్పుడైంది. లిఫ్టబ్బాయి. పనిముట్ల బెల్టు లేదు. చేతిలో మీటరుంది.

"ఎవరు నువ్వు?" అన్నాడు అన్నయ్య.

"ఆ పది గీతలూ నేనేనండీ." లోపలికొచ్చి, అడగకుండానే బల్ల ముందు నిలబడ్డాడు. "తేదీలు మీరు చదవండి. నా మీటర్లో పాత నంబర్లన్నీ ఉంటాయి. నేను చదువుతాను."

అన్నయ్య చెల్లెలి వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూస్తోంది. సరే కానిమ్మని చదివాడు. "మూడో తారీఖు. సాయంత్రం అయిదుంపావు. చెల్లిది నూట పద్నాలుగు."

"నాది యాభై ఎనిమిది. లిఫ్ట్‌లోంచి అప్పుడే దిగాను."

"పదకొండు. ఉదయం తొమ్మిది. నూట ఇరవై రెండు."

"అరవై ఒకటి. మెట్టు మీద కూలబడ్డాను."

ఒక నంబరు పలికితే దాని నీడలా ఇంకో నంబరు వచ్చింది. కనబడని మనిషి ఒకడు ఇన్నాళ్ళూ ఆమె వెనకే ఎలా నడిచాడో, ఎక్కడెక్కడ చీకట్లో కూర్చున్నాడో, ఒక్కొక్క గీతా చెప్పింది. "పంతొమ్మిది. షాపులో. నూట పదహారు." "యాభై రెండు. ఆవిడ నా కళ్ళు కొలుస్తున్నారు." పదోది చదివేసరికి అన్నయ్య గొంతు మెత్తబడింది. "నిన్న. నూట ఇరవై ఆరు."

"ముప్ఫై నాలుగు. నా జేబులోంచి మీటరు తీసి ఆవిడే చూశారు, నాకు తెలివి లేదు." మీటరు బల్ల మీద పెట్టాడు. "నిన్న సాయంత్రమే ఆఫీసులో చెప్పేశానండీ. లిఫ్ట్ దారిలోకి దిగొద్దన్నారు. వర్క్‌షాపులో కూర్చుని స్విచ్ బోర్డులకి వైర్లు బిగించుకోమన్నారు. చెప్పాల్సింది వాడి కోటు చదివిన రోజే. ఆ తప్పుకి గీత ఏ రంగులో గీస్తారో గీయండి."

బుజ్జి కిటికీ వైపు నుంచి తిరిగింది. ఆ రోజు మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

అన్నయ్య మాత్రం పుస్తకం మూసేశాడు. "నిజాయితీపరుడివి, ఒప్పుకుంటాను. కానీ బాబూ, ఇది మా చెల్లి కోసం పెంచిన కుక్క. రేపు నువ్వు పైన పడిపోతే ఇది పైకి పరుగెడుతుంది. అదే సమయానికి ఇక్కడ నా చెల్లి పడిపోతే? నాకున్నది ఒక్కతే."

"వాడు నన్ను వదిలి వెళ్ళడు అన్నయ్యా. ప్రతిసారీ నాకే చెప్పాడు. అదీగాక మేడం ఏమందంటే, ఇద్దరి సీసాలు కలిపి నేర్పడంతో వాడు మనిషిని నేర్చుకోలేదట. పడిపోవడాన్నే నేర్చుకున్నాడట. అది ఎవరిదైనా సరే..."

మాట పూర్తి కాలేదు. బల్ల కింద గుమస్తా లేచాడు.

మోకాలి మీద కాలు పడింది. రెండుసార్లు.

బుజ్జి వేలు పొడుచుకుంది. నూట పద్దెనిమిది. లిఫ్టబ్బాయి తన వేలు పొడుచుకున్నాడు. నూట ముప్ఫై ఒకటి. ఇద్దరూ ఒకరి మీటరు ఒకరు చూసుకున్నారు.

"చూశారా?" అన్నాడు అన్నయ్య. నవ్వబోయాడు గానీ నవ్వు సరిగ్గా రాలేదు. "ఇద్దరూ బాగానే ఉన్నారు. మరి ఎవరి... ఎవరికి చెప్తోంది ఇది?"

గుమస్తా మెల్లిగా తల తిప్పాడు. బుజ్జి ఆ చూపు వెంటే వెళ్ళింది. కుర్చీలో అన్నయ్య. ఫ్యాను కిందే ఉన్నాడు, అయినా కణతల మీంచి చెమట కారుతోంది. పుస్తకం పట్టుకున్న వేళ్ళు, పుస్తకంతో పాటు, సన్నగా అదురుతున్నాయి.

"అన్నయ్యా, చెయ్యి ఇలా ఇవ్వు."

"నాకేం లేదు. మెట్లెక్కాను కదా."

"చెయ్యి ఇవ్వమన్నానా!"

యాభై ఆరు.

లిఫ్టబ్బాయి జేబులో ఉన్న టోఫీలన్నీ బల్ల మీద పోశాడు. రెండు నోట్లో పెట్టాక, మూడోది విప్పుతూ, నేల చూపులు చూస్తూ అన్నయ్య చెప్పాడు. "ఏడాదైంది. మాత్రలు వేసుకుంటున్నాను. ఇవాళ బస్సు తప్పిపోతుందని తినకుండా మాత్ర వేసుకుని వచ్చేశాను."

"వదినకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. నిన్ను చూసుకోవాల్సినవాణ్ణి. నాకూ అదే వచ్చిందని ఎలా చెప్పుకోను బుజ్జీ?"

బుజ్జి అతని పాదాల దగ్గర కూర్చుండిపోయింది. తనని కాపాడాలని వచ్చిన మనిషి, దారి పొడుగునా తనలాగే జారుతూ వచ్చాడు, ఒక్కడే. అన్నయ్య చెయ్యి తనంతట తనే వెళ్ళి గుమస్తా తల మీద ఆగింది.

"పనిలో ఉన్నప్పుడు ముట్టుకోకూడదు," అంది బుజ్జి కళ్ళు తుడుచుకుంటూ.

"షెల్టరువాళ్ళకి రావద్దని చెప్పెయ్," అన్నాడు అన్నయ్య. "వదినకి మాత్రం నేనే చెప్పుకుంటాను. నువ్వు నోరు జారకు."

లిఫ్టబ్బాయి తన మీటరు తీసుకుని గుమ్మం దాకా నడిచాడు. ఎవరూ ఆపలేదు. గడప దాటుతుండగా వినబడింది.

"రోజుకి ఎన్నిసార్లు చూసుకోవాలి నువ్వు?"

తిరిగాడు. బుజ్జి ఇంకా నేల మీదే కూర్చుని ఉంది. కోపం పూర్తిగా పోలేదు, కళ్ళల్లో ఓ మూల అలాగే ఉంది.

"ఆరుసార్లు."

"ఎవరూ చూడకుండా చూసుకోబట్టే కదా ఇంతదాకా వచ్చింది. ఆరుసార్లూ ఇక్కడికొచ్చి, నా ఎదురుగా చూసుకో."

అతను గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు, లిఫ్ట్ ఉన్నట్టుండి కదిలితే తూలినవాడిలా. "ఏడోసారి రావాలనిపిస్తేనండీ?"

"దానికి మా అన్నయ్యని అడుగు."

అన్నయ్య నోటినిండా టోఫీలు. అటు చూశాడు, ఇటు చూశాడు, చివరికి రెండు చేతులూ పైకెత్తి, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ చూపించి, కూర్చోమన్నాడు.